తొట్లకొండ నడకకి అమ్మని తీసుకెళ్లొచ్చా?

మధురవాడ కోడలు:
అందరికీ నమస్కారమండి. వచ్చే ఆదివారం మా కాలనీ వాళ్లు పదిహేను మంది కలిసి విశాఖ దగ్గర పాత బౌద్ధారామం శిథిలాలున్న తొట్లకొండకి నడకకి వెళ్తున్నాం. మా అమ్మకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా వస్తానని పట్టుబట్టింది. నాకేమో టెన్షన్. తొమ్మిదేళ్ల మా బాబుది ఇంకో గొడవ: "అన్నీ విరిగిన గోడలేగా, ఏం చూడాలి?" అంటున్నాడు. వాడికి అక్కడ ఏం చూపించమంటారు?

మంగమారిపేట మాస్టారు:
అమ్మా, కొండ మీదికి రోడ్డుంది. అమ్మగారిని కారులో పైకి తీసుకెళ్లి, పైన మెల్లగా తిప్పండి. పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే అడుగు వెయ్యలేం.

బాబుకి ముందు తొట్లు చూపించండి. వాన నీళ్లు నిలవ చేసుకోడానికి బౌద్ధ భిక్షువులు రాతిలోనే తొలిపించుకున్నారు. కొండకి ఆ పేరు వాటివల్లే వచ్చింది. మా మనవరాలు అంచు దగ్గర కూర్చుని ఉలి గాట్లని వేలితో తడుముతూ ఎంతసేపటికీ లేవలేదు.

తర్వాత భిక్షువుల గదుల దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు పునాదులే మిగిలాయి. ఒక గదిలో నిలబడి చేతులు చాపమనండి. మనిషికి ఎంత చోటు సరిపోయేదో వాడికే తెలుస్తుంది.

ఒకప్పుడు ఇదంతా తుప్పలు కప్పేసిన కొండ. 1976లో నేవీ వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహనుల సీసం నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఎదురుగా సముద్రం చూపించి, ఆ డబ్బు ఎటునుంచి వచ్చుంటుందో బాబునే అడగండి.

ఒక్కటే బతిమాలుతున్నాను, గోడల మీద ఎవర్నీ ఎక్కనివ్వకండి.

రుషికొండ కుర్రాడు:
మాస్టారూ, పోయిన నెల అక్కడ ఇటుకల సందులో చిన్న రావి మొక్క కనిపించింది. పెరిగితే గోడ చీలిపోతుందని పీకేద్దామనుకున్నా, మావాళ్లు ఆపారు. పీకితే మంచిదే కదండీ?

మంగమారిపేట మాస్టారు:
వద్దు బాబూ, ఆపడమే మంచిదైంది. రావి గోడని చీలుస్తుందన్న మాట నిజమే. కానీ వేరు లోపలికి పోయాక పైనుంచి లాగితే, అది పట్టుకున్న ఇటుక కూడా ఊడి వస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక పాత గోడ దగ్గర నేనూ అలాగే లాగాను. రెండు ఇటుకలు కదిలి మట్టి రాలింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఫోటో తీసి అక్కడి సిబ్బందికి చూపించు. వేరు చచ్చేలా మందు పెట్టి, అది ఎండాక తీసే పద్ధతి వాళ్లకి తెలుసు.

మధురవాడ కోడలు:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. మీరు రాసింది బాబుకి చదివి వినిపించాను. రోమన్ నాణేల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. ఆదివారం అందరికంటే ముందు వాడే లేస్తానంటున్నాడు. అమ్మ కోసం మడత కుర్చీ ఒకటి డిక్కీలో పెట్టాను.