‘కొండపొలం’ చదివి, సినిమా కూడా చూశాక ఒక ప్రశ్న: పనిని నిదానంగా చూపిన పుస్తకాలు, సినిమాలు మీకు ఏవి గుర్తుండిపోయాయి?

నల్లరేగడి:

అందరికీ నమస్కారం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నవలను నేను చాలా ఆలస్యంగా, ఈ మధ్యనే చదివాను. చదవడం పూర్తయిన వారానికే, 2021లో క్రిష్ గారి దర్శకత్వంలో వచ్చిన సినిమాను కూడా చూశాను. రెండింటినీ ఇంత దగ్గర దగ్గరగా చూడడం వల్ల మనసులో ఒక చిక్కుముడి పడింది. దాని గురించి ఇక్కడి చదువరులతో మాట్లాడాలనిపించి రాస్తున్నాను.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని రవి ఊరికి తిరిగి వస్తాడు. కరువులో జీవాలకు మేతా నీరూ లేక ఊరి కాపరులు మందలను నల్లమల అడవిలోకి తోలుకుపోతుంటే, అతను కూడా తండ్రి వెంట వెళతాడు. నవలలో నన్ను కట్టిపడేసింది పెద్దపులి కాదు, గొర్రెలను కాయడమనే పని. నీళ్లున్న చోటు వెతుక్కుంటూ నడవడం, తప్పిపోయిన జీవం కోసం వెనక్కి వెళ్లడం, రాత్రంతా మంద చుట్టూ మేలుకొని ఉండడం, తెల్లవారాక మళ్లీ అదే పని మొదలు కావడం. ఇవన్నీ ఎంత నిదానంగా, ఎంత ఓపికగా సాగుతాయంటే, సగం పుస్తకం అయ్యేసరికి ఆ అలసట నా కాళ్లలోకి కూడా వచ్చినట్లనిపించింది. జన్మలో ఒక్క గొర్రెను కూడా కాయని నాకు, ఆ పనిలో ఎంత తెలివి ఉందో, ఎంత జ్ఞాపకశక్తి కావాలో మొదటిసారి అర్థమైంది.

సినిమాను నేను తీసిపారేయడం లేదు. అడవి దృశ్యాలు, కీరవాణి గారి సంగీతం నాకు నచ్చాయి. అయితే నవలలో లేని ఓబులమ్మ పాత్రను తెచ్చి, ఆమెకూ కథానాయకుడికీ మధ్య ప్రేమను అల్లడంతో, మంద కాయడానికి దక్కవలసిన సమయం ఆ ప్రేమకు పోయిందనిపించింది. రవి మారిన మనిషయ్యాడని సినిమా చెబుతుంది. ఏ పని చేసి మారాడో మాత్రం నాకు కంటి నిండా చూపలేదు.

అందుకే అడుగుతున్నాను. ఈ మధ్యకాలంలో మీరు చదివిన పుస్తకాల్లో గానీ, చూసిన సినిమాల్లో, ధారావాహికల్లో గానీ, మనుషుల పనినీ ఆచారాన్నీ హడావిడి పెట్టకుండా, దానికి పట్టే సమయాన్ని దానికిచ్చి చూపినవి ఏవి? అసలు ఇది సినిమాకు సాధ్యమయ్యే పనేనా, లేక పుస్తకానికే చెల్లుతుందా?

చిత్రావతి:

నల్లరేగడి గారూ, నాది కడప జిల్లా. మా తాత చిన్ననాటి నుంచీ జీవాలు మేపినవాడు, రెండు మూడు కరువుల్లో కొండపొలం, అంటే మందతో అడవికి, పోయివచ్చినవాడు. కాబట్టి ఈ విషయం మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

నవల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. బయటివారికి గొర్రెలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. మా తాత మాత్రం ఏ గొర్రె ఏ తల్లికి పుట్టిందో, ఏది ముందు నడుస్తుందో, ఏది మందలో ఉంటూనే పక్కకు జారుకునే రకమో చీకట్లో అరుపును బట్టి చెప్పేవాడు. ఒక్క ఇంటివాళ్లు అడవికి పోవడం జరిగే పని కాదు. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి, వంతులు వేసుకుని, రాత్రి నెగడు ఆరిపోకుండా చూసుకుంటూ గడపాలి. వెంకటరామిరెడ్డి గారి పుస్తకంలో ఈ కలిసి బతకడం ఉంది. ఎవరి జీవానికి దెబ్బ తగిలినా అందరూ లేచి వస్తారు, అదే సమయంలో లోలోపల చిన్న చిన్న కోపతాపాలూ నడుస్తుంటాయి. మా ఇంట్లో ఈ నవలను నేను బిగ్గరగా చదువుతుంటే మా నాయన అక్కడక్కడ ఆపి, ‘ఇది మనోళ్లు చెప్పినట్టే ఉంది’ అన్నాడు. పుస్తకాలంటే అంతగా ఆసక్తి లేని మనిషి అన్న ఆ మాటకంటే పెద్ద ప్రశంస నాకు తెలియదు.

సినిమా విషయంలో మాత్రం మీతో కొంత విభేదిస్తాను. నా దృష్టిలో లోపం ఓబులమ్మ పాత్రలో లేదు. కాపరి ఇళ్లలో ఆడవాళ్లు చేసే చాకిరీ తక్కువేమీ కాదు కనుక, ఒక ఆడపిల్ల చేతికి కర్ర ఇచ్చి మంద వెంట నడిపించడం నాకు సంతోషాన్నే ఇచ్చింది. లోపమంతా భయం దగ్గర ఉంది. పుస్తకంలో రవి భయం ఒక్కసారిగా పోదు. ఈ రోజు కొంత తగ్గి, రేపు మళ్లీ పెరిగి, పని చేస్తూ చేస్తూ ఉండగా ఎప్పుడు పోయిందో అతనికే తెలియనట్లు పోతుంది. సినిమా ఆ ఎగుడుదిగుళ్లకు ఆగలేకపోయింది. చిత్రీకరణ ఎక్కువగా వికారాబాద్ అడవుల్లో జరిగింది కాబట్టి, నల్లమలను ఎరిగిన కంటికి ఆ తేడా కూడా తెలుస్తూనే ఉంటుంది. అయినా, అంత పెద్ద తెర మీద అన్ని గొర్రెలు ఒక్కసారిగా కదిలినప్పుడు వచ్చిన ఆ చప్పుడుకు నా గొంతు పూడుకుపోయింది. ఆ చప్పుడును వినిపించడం అక్షరానికి సాధ్యం కాదు.

మానేరు తీరం:

సినిమాకు అది సాధ్యమేనా అన్న మీ ప్రశ్నకు నా దగ్గర రెండు జవాబులున్నాయి. రెండూ తెలంగాణ సినిమాలే.

మొదటిది బి. నర్సింగరావు గారి ‘దాసి’, 1988 నాటిది. ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో రెండు నెలల క్రితం మళ్లీ చూశాను. ఇది 1920ల నాటి తెలంగాణ గడీ, అంటే దొర కోట, కథ. దొరసాని పెళ్లై వచ్చినప్పుడు ఆమెతోపాటు అరణంగా, అంటే పుట్టింటి కానుకగా, వచ్చిన కమలాక్షి అనే ఆడబాప (దాసి) జీవితం. కథగా చెప్పాలంటే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. సినిమా మాత్రం ఆమె పొద్దున లేచినప్పటి నుంచీ చేసే చాకిరీని చూపుతూ పోతుంది. మాటలు చాలా తక్కువ. పిలుపు వినబడగానే చేతిలో పనిని వదిలి ఇంకో పనికి పోవడం, అది పూర్తి కాకముందే మరో పిలుపు రావడం చూస్తూ ఉంటే, ఆ గడీలో తన శరీరం కూడా తనది కాదన్న సంగతి ఏ సంభాషణా లేకుండానే మనకు ఎక్కుతుంది. చివర్లో ఆమె కడుపులోని బిడ్డను తీయించే ఘట్టం వచ్చేసరికి నేను తల పక్కకు తిప్పుకున్నాను. అర్చన గారికి అంతకుముందు ఏడాదే తమిళ ‘వీడు’కు జాతీయ ఉత్తమనటి పురస్కారం వచ్చింది. వెంటనే ఈ సినిమాకు మళ్లీ వచ్చింది. ఎ.కె. బీర్ గారి ఛాయాగ్రహణానికీ, చిత్రకారులు తోట వైకుంఠం గారి కళాదర్శకత్వానికీ కూడా జాతీయ పురస్కారాలు దక్కాయి. ఆ గడీ గోడల రంగు, ఆ రాగి గంగాళాల మెరుపు చూసినవారికి ఆ పురస్కారాలు ఎందుకొచ్చాయో విడమరచి చెప్పనవసరం లేదు.

రెండోది ‘బలగం’. 2023లో విడుదలైనప్పుడు మా ఊళ్లో రచ్చబండ దగ్గర తెర కట్టి వేశారు, ఊరంతా ఒకచోట కూర్చుని చూశాం. ఈ మధ్య మా అమ్మ అడిగితే మళ్లీ ఇంట్లో వేశాను. మాలో పిట్టకు పెట్టుడంటే చిన్న విషయం కాదు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం ఎదురుచూడాలి. అది ముట్టకపోతే చనిపోయినవారి మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. వేణు యెల్దండి గారు ఆ ఎదురుచూపునే కథకు వెన్నెముక చేశారు. పిట్ట ముట్టని ప్రతిసారీ ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎప్పుడో ఒక విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన పంతం ఇన్నేళ్లుగా తోబుట్టువులను ఎలా విడదీసిందో ఆ నిశ్శబ్దంలోనే తెలుస్తుంది. చివర బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ గార్లు పాడుతున్నప్పుడు మా అమ్మ ఏడ్చింది సినిమా కోసం కాదు. మా మేనమామతో మాట్లాడి అప్పటికి తొమ్మిదేళ్లయింది.

ఒక్క ఫిర్యాదు ఉంది. మొదటి అరగంటలో అప్పుల గోల, పెళ్లి కట్నం చుట్టూ అల్లిన హాస్యం నాకు కాస్త ఎక్కువైంది. కొమురయ్య తాత బతికున్నప్పుడు ఊరంతా తిరుగుతూ అందరినీ పలకరించే భాగాన్ని ఇంకొంచెం ఉంచితే బాగుండేది.

ఎర్రమట్టి:

పెద్దల అభిప్రాయాలను గౌరవిస్తూనే ఒక మాట. పనిని ఎంతసేపు చూపారన్నది కొలతగా పెట్టుకుంటే మంచి సినిమాలు కొన్ని మన చేతి నుంచి జారిపోతాయి. మాది విశాఖపట్నం. ‘కేరాఫ్ కంచరపాలెం’ను 2018లో హాల్లో చూశాను, మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ చూశాను. అందులో రాజు ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు, గడ్డం మద్యం దుకాణంలో పనివాడు. వాళ్ల పనిని దర్శకుడు వెంకటేష్ మహా గారు గంటల తరబడి చూపలేదు. అయినా ఆ మనుషులు మా వీధివాళ్లని నమ్మడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నటించినవారిలో చాలామంది ఆ పేటవాళ్లే కావడం, వాళ్ల నోట మా యాస ఎవరూ దిద్దకుండా రావడం దానికి కారణం. దుకాణం అరుగు మీద నలుగురు కూర్చుని పెళ్లికాని రాజు గురించి మాట్లాడుకునే తీరు వినండి. మాట మధ్యలో తెగిపోవడం, ఇంకొకరు అందుకోవడం, విషయం ఎక్కడికో వెళ్లి మళ్లీ అక్కడికే రావడం కనబడతాయి. నా దృష్టిలో ఆ మాటకు ఇచ్చిన సమయం మీరు చెబుతున్న పనికిచ్చిన సమయంతో సమానమే. ముగింపు గురించి ఏమీ చెప్పను. చూడనివారు ఎవరి దగ్గరా వినకుండా చూడాలని మాత్రం ప్రార్థిస్తున్నాను.

పుస్తకం నుంచి సినిమాకు వచ్చేటప్పుడు పని పోతుందన్న నల్లరేగడి గారి దిగులుకు ‘మిథునం’ సరైన సమాధానమని నా నమ్మకం. శ్రీరమణ గారి ఆ కథను బాపు గారు ముచ్చటపడి తన చేతిరాతతో తిరగరాసి మిత్రులకు పంపారని చెబుతారు. దాన్ని తనికెళ్ల భరణి గారు 2012లో సినిమాగా తీసినప్పుడు, తెర మీద ఇద్దరే మనుషులు: అప్పదాసుగా బాలసుబ్రహ్మణ్యం గారు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి గారు. పెరడు, ఆవు, వంట, ఇద్దరి కీచులాటలు తప్ప పెద్దగా మలుపులు లేని కథ అది. భరణి గారు భయపడి మూడో మనిషిని తేలేదు. మలయాళంలో ఇదే కథను ఎం.టి. వాసుదేవన్ నాయర్ గారు 2000లోనే సినిమాగా తీశారు. అంటే మన పెరటి కథను ముందుగా తెర మీదికి తెచ్చింది పక్క భాషవారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

వలస పిట్ట:

నేను డాలస్‌లో ఉంటాను, మా అమ్మాయికి పదమూడేళ్లు. అందువల్ల నా జవాబు కొంచెం వేరేగా ఉంటుంది. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన తొంభైల నాటి మధ్యతరగతి కుటుంబ ధారావాహిక ‘#90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ను ఇద్దరం కలిసి చూశాం. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారైన తండ్రి తన పిల్లలను ప్రైవేటు బడిలో చదివిస్తూ, ప్రతి రూపాయినీ లెక్కవేసే తీరును శివాజీ గారు ఎంతో నిగ్రహంతో చేశారు. ఉప్మా చూసి పిల్లలు మొహం ముడుచుకునే చోట మా అమ్మాయి పకపకా నవ్వింది. మార్కుల చోట మాత్రం నన్నే చూస్తూ, ‘నాన్నా, తాతగారు కూడా ఇలాగే అడిగేవారా?’ అంది. ఆ రాత్రి మా నాన్నగారి గురించి తనకు గంటసేపు చెప్పాను. ఆరు భాగాలే కాబట్టి వారాంతంలో పూర్తవుతుంది.

పని గురించి అడిగారు కనుక, ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ను కూడా చూడమంటాను. గుంటూరులో హోటలు పెట్టి, తాను చేసే బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలన్న కుర్రవాడి కథ. శనగపిండి చట్నీని ఇంత గౌరవంగా చూపిన సినిమాను నేను మరొకదాన్ని ఎరుగను. గోపరాజు రమణ గారు వేసిన తండ్రి పాత్ర ఎప్పుడూ తిడుతూనే ఉంటుంది, ఆ తిట్ల అడుగున ఉన్న దిగులు మాత్రం ఒక్కసారి కూడా దాగదు. ఇక్కడ పొద్దున్నే ఒంటరిగా కాఫీ కలుపుకునేవాడికి, తెల్లవారకముందే లేచి గ్రైండరు వేసే ఆ ఇల్లు చూస్తే ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

నల్లరేగడి:

ఇంత శ్రద్ధగా జవాబులు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ‘మిథునం’ చూశాను. ఎర్రమట్టి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పుస్తకానికే చెల్లుతుందా అని నేను అడిగిన తీరులోనే తొందరపాటు ఉంది. ఇద్దరు వృద్ధులు తగువులాడుకుంటూ వంట చేసుకోవడాన్ని అంతసేపు చూపగలిగినప్పుడు, మంద కాయడాన్ని కూడా చూపవచ్చు. అయితే ‘కొండపొలం’ విషయంలో నా అసంతృప్తి అలాగే ఉంది. చిత్రావతి గారు భయం గురించి రాసినది చదివాక, దానికి సరైన కారణం కూడా దొరికింది.

‘దాసి’ని వచ్చే ఆదివారం చూసే ఏర్పాటు చేసుకున్నాను. మానేరు తీరం గారూ, మీ అమ్మగారు, మేనమామగారు ఆ తర్వాత మాట్లాడుకున్నారా అని అడగడం సబబో కాదో తెలియదు, అడగకుండా ఉండలేకపోతున్నాను.

మానేరు తీరం:

అడగడంలో తప్పేమీ లేదండీ. దసరాకు మా అమ్మే ఫోన్ చేసింది. మామ ఎత్తలేదు. మరుసటి రోజు తనే తిరిగి చేశాడు.