కోరల్ బెల్స్ మొక్కలు మట్టిలోంచి పైకి లేచాయి, మళ్లీ నాటొచ్చా?

ప్రశ్న:
మాది న్యూజెర్సీ. మార్చి వచ్చేసరికి కోరల్ బెల్స్ (అందమైన ఆకులకు, సన్నకాడల మీది చిన్న పూలకు పెంచే తోటమొక్క) మొదళ్లు నేల మీదికి తేలాయి. పూలు కూడా పోయినేడు పల్చగానే వచ్చాయి. లోతుగా నాటమంటారా?

జవాబు 1:
నాటండి, కానీ మొదలు పూడ్చకండి, కుళ్లిపోతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే మట్టి మొక్కను కొద్దికొద్దిగా పైకి నెట్టేస్తుంది. వేర్లు పైపైనే ఉంటాయి కదా, పట్టు చాలదు. మట్టి మెత్తబడగానే తవ్వి తీసి, ఆకులు పుట్టే చోటు సరిగ్గా నేలమట్టానికి వచ్చేలా పెట్టి, చుట్టూ అదిమి నీళ్లు పోయండి. వచ్చే చలికాలం నేల గడ్డకట్టాక 2 అంగుళాల మందాన ఎండాకులు పరవండి, మొదలుకు తగలకుండా.

జవాబు 2:
తీసేటప్పుడు వేర్లు చూడండి. కొరికేసినట్టుంటే అది చలి పని కాదు, వైన్ వీవిల్ పురుగు. ఒళ్లు తెల్లగా, తల గోధుమరంగులో, వంకీలా ముడుచుకుని ఉంటుంది. ఏరేసి, వేర్లు కడిగి వేరే చోట నాటండి.

జవాబు 3:
పూలు తగ్గాయంటే మొక్క ముదిరిందేమో. 3-4 ఏళ్లకోసారి విడదీయాలి. చెక్కలా మారిన నడిమి భాగం పారేసి, వేర్లున్న పక్క పిలకలు నాటుకోండి. పొద్దుటి ఎండ తగలాలి. వాడిన పూకాడల్ని అడుగుదాకా కత్తిరించండి.