అప్‌డేట్: అమ్మది మామూలు నడుం నొప్పి కాదు

రెండు నెలలుగా అమ్మకి నడుం నొప్పి, డాక్టర్‌కి చూపించాలా, బామ్ రాస్తూ ఇంకొన్నాళ్లు చూడాలా అని అడిగాను కదా. "రాత్రి పడుకున్నా నొప్పేనా? సాయంత్రం జ్వరం వస్తోందా? బరువు తగ్గారా?" అని ఒకరు అడిగారు. మూడింటికీ అవుననే చెప్పాల్సొచ్చింది. జాకెట్లు వదులైతే షుగరేమో అనుకున్నాం, ఒళ్లు వెచ్చబడితే ఎండ దెబ్బ అనుకున్నాం!

ఎక్స్‌రేలో పెద్దగా ఏం తేలలేదు. ఎంఆర్ఐ తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వెన్నుపూస టీబీ. దగ్గు లేకుండా కూడా టీబీ వస్తుందని నాకు నిజంగా తెలీదు. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి ఇంట్లోవాళ్లకి అంటదన్నారు.

మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కనీసం ఏడాది వాడాలట. టీబీ రోగులకి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకి 1000 రూపాయలు తిండికి ఇస్తారు. మాత్రలు మొదలెట్టిన రోజు మూత్రం నారింజ రంగులో వస్తే అమ్మ హడలిపోయింది, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్లేనట. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా ఆ పూటే రమ్మన్నారు.

నడుం బెల్టు మాత్రం పెట్టుకోదు, ఉక్కపోతట. ఆ మూడు ప్రశ్నలు అడిగినవారికి చాలా థ్యాంక్స్ అండీ.