పిన్ను పెడితే ఫ్యాన్ తిరిగింది, మరి ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

చీమకుర్తి డీటీపీ: షాపులో సిస్టమ్ ఆన్ కావడం లేదు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్ వచ్చి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే సప్లై డబ్బా) నుంచి వచ్చే 24 పిన్నుల కనెక్టర్ మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ మధ్య జెమ్ క్లిప్పు వంచి పెట్టాడు. ఫ్యాన్ తిరిగింది. "ఎస్‌ఎంపీఎస్ ఓకే, బోర్డు పోయింది" అనేశాడు. బోర్డు మార్చడమంటే మాటలా? నమ్మొచ్చా?

కావలి సర్వీస్: నమ్మొచ్చు. ఆకుపచ్చ వైరు గ్రౌండ్‌కి, అంటే నల్ల వైరుకి, తగిలితే సప్లై లేవాలి, లేచింది. మేం రోజూ చూసేది అలాగే.

ఒంగోలు మీటర్: లేవడం వేరు, లోడు లాగడం, అంటే బోర్డుకి కావాల్సినంత కరెంటు ఇవ్వడం, వేరు అన్నా. 12 వోల్టుల లైన్లో 10 వచ్చినా ఫ్యాన్ తిరుగుతుంది. బోర్డుకి మాత్రం 11.4 తగ్గకూడదు. అసలు చూడాల్సింది ఊదా రంగు వైరు. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆపి ఉన్నా, అందులో 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలిసేదే దానివల్ల. కనెక్టర్ బోర్డుకే ఉంచి, వెనక నుంచి మీటర్ ముల్లు దూర్చి చూడండి. మీ ఊళ్లో గ్రానైట్ దుమ్ము కూడా ఉంది, జాలీ మూసుకుపోతే వేడికి సప్లై లోపల కరెంటు నిలవుంచే కెపాసిటర్లు ఉబ్బుతాయి.

చీమకుర్తి డీటీపీ: చూశాను. కనెక్టర్ ఊడదీస్తే 5.06, బోర్డుకి పెడితే 3.7.

ఒంగోలు మీటర్: 5 వోల్టుల లైన్లో 4.75 తగ్గకూడదు, ఇది అంతకన్నా తగ్గింది. ఎస్‌ఎంపీఎస్సే పోయింది.

కావలి సర్వీస్: తొందరెందుకు? బోర్డులో షార్ట్ ఉన్నా అలాగే పడిపోతుంది. ఆ రెండిట్లో ఏదో మీ మీటర్ చెబుతుందా? మంచి సప్లై ఒకటి తెచ్చి పెట్టి చూడమనండి.

ఒంగోలు మీటర్: న్యాయమే. కానీ ఆ పని బోర్డు పోయిందని చెప్పకముందే చేయాల్సింది.

చీమకుర్తి డీటీపీ: పక్క జిరాక్స్ షాపు వాళ్లది పెట్టాం. సిస్టమ్ లేచింది! ఇప్పుడు పాతదాంట్లో కెపాసిటర్ మార్పిస్తే చాలా, కొత్తది కొనాలా?

కావలి సర్వీస్: మార్పిస్తే చాలు, డబ్బులు మిగులుతాయి. మీరు మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు.

ఒంగోలు మీటర్: విప్పొద్దన్నది నిజం. మార్పించడం మాత్రం నేనొప్పుకోను. ఒకటి ఉబ్బిందంటే మిగతావీ అదే వేడి తిన్నాయి. రోజంతా నడిచే షాపు సిస్టమ్‌కి కొత్తదే కొనండి.