హాలు నిండగానే వైర్‌లెస్ మైకుల్లో మాట తెగిపోతోంది

సేవా కార్యక్రమాల నిధుల కోసం వేసే నాటకాలకు తెర వెనుక సౌండ్ పని స్వచ్ఛందంగా చూస్తున్నాను. మా కాలర్ మైకులు నాలుగూ 2.4 గిగాహెర్ట్జ్ రకం, అంటే వైఫై, బ్లూటూత్ వాడే రేడియో తరంగాల మీదే పనిచేసేవి. రిసీవర్లు కుడివైపు పక్కతెర వెనుక, మిక్సర్ ఉన్న బల్ల మీదే ఉంటాయి.

ఖాళీ హాలులో రిహార్సల్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. జనం నిండాక మాట తెగడం మొదలవుతుంది. గరగర ఉండదు, అర సెకను పూర్తి నిశ్శబ్దం, మళ్ళీ మాట. ఆ క్షణంలో రిసీవర్ మీది పచ్చ దీపం ఎర్రగా మారుతుంది. నటుడు ఎడమకు తిరిగి, నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మధ్య ఒళ్ళు అడ్డుపడితే ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా బాధ కలిగించేది విరాళాల విజ్ఞప్తి సమయం. క్యూఆర్ కోడ్ కోసం అందరూ ఫోన్లు తీయగానే వ్యాఖ్యాత మాట ముక్కలవుతుంది. ఎవరి కోసం అడుగుతున్నామో ఆ ఒక్క వాక్యమైనా సూటిగా వినపడాలి కదా!

కొత్త బ్యాటరీలు వేశాం, కేబుళ్ళు మార్చాం, హాలు వైఫై ఆపించాం, మా బృందం ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాం. కొంత తగ్గింది, పోలేదు. ప్రేక్షకుల ఫోన్లు ఆపమనలేం, విరాళాలు వచ్చేది వాటి ద్వారానే. వ్యాఖ్యాత జనం మధ్యకు వెళతారు కాబట్టి వైరు మైకు కుదరదు. అద్దె పరికరాలకు పెట్టే ప్రతి రూపాయీ విరాళంలోంచే పోతుంది.

రిసీవర్లను వేదిక ముందుకు తెచ్చి, తలలకన్నా ఎత్తులో, అడ్డు లేకుండా పెడితే ఈ మైకులే నిండు హాలులో నిలకడగా పనిచేస్తాయా, లేక యూహెచ్‌ఎఫ్ సెట్టు (వైఫై వాడని వేరే రేడియో తరంగాల మీద పనిచేసే మైకులు) అద్దెకు తేక తప్పదా?