ఫ్యూజ్ బాగానే ఉంది, హెడ్‌లైట్ మాత్రం ఆరిపోతోంది
మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. నాన్న వాడిన పాత పెట్రోల్ కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. సముద్రపు ఉప్పుగాలి వల్లేమో, ఫ్యూజ్ బాక్సులో పిన్నులకు పచ్చగా చిలుం పట్టింది. ఫ్యూజ్ తీసి చూస్తే లోపలి తీగ తెగలేదు, కానీ హెడ్‌లైట్ ఒక్కోసారి మసకబారి ఆరిపోతుంది. అక్కడి ప్లాస్టిక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.

అక్కడ ఉండాల్సింది నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజ్. మెకానిక్ ఆకుపచ్చది, 30ది వేసేద్దాం అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు వైరు కాలిపోతున్నా ఫ్యూజ్ పోదు కదా! పిల్లలు ఎక్కే బండి, టెన్షన్‌గా ఉంది.

చిలుమును గరుకు కాగితంతో రుద్దితే పిన్నుల పూత పోతుందా? కాంటాక్ట్ క్లీనర్ సరిపోతుందా, పిన్నులు మార్చాల్సిందేనా? ఒంగోలు, నెల్లూరుల్లో పాత కార్ల వైరింగ్ శ్రద్ధగా చేసేవాళ్ళు తెలిస్తే చెప్పండి.