వరంగల్ దర్రీ సంచి: రేటుకు తగ్గ సరుకేనా?

రంగశాయిపేట:
ఎగ్జిబిషన్ స్టాళ్లల్ల, ఆన్‌లైన్ల మన వరంగల్ కొత్తవాడ దర్రీ (నేల మీద పరిచే జంపఖానా) బట్టతోటి కుట్టిన భుజం సంచులు 1,500 నుంచి 1,800 దాకా చెప్తున్నరు. అదే సైజు పాలిస్టర్ సంచి 400కు వస్తది, పైనుంచి అరలు, జిప్పులు దానికే ఎక్కువ. "మన నేత" అన్న మాటకే వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టాల్నా, లేకపోతే సరుకుల నిజంగ తేడా ఉన్నదా? పని తెలిసినోళ్లు చెప్పాలె.

పన్నిపోగు:
తేడా బట్టలోనే ఉన్నది. దర్రీకి పడుగు (నిలువు) పోగులు పేనిన గట్టి నూలు. పేక (అడ్డం పోగు) లావుది, మెలి తక్కువది, నాలుగైదు పోగులు కలిపి ఒక్కసారే దాటిస్తరు. కొట్టి బిగిస్తే పడుగు అసలు పైకి కనపడదు. పైన రాపిడి తినేదంతా పేక, బరువు మోసేదంతా లోపలున్న పడుగు. కాళ్ల కింద ఏండ్లకు ఏండ్లు పడుండే బట్ట భుజానికి తగిలితే అరుగుతదా?

ఇంటర్‌లాక్ పని అయితే రంగు మారే ప్రతి చోట రెండు రంగుల పేకలు ఒకదానికొకటి తగులుకొని వెనక్కి తిరగాలె. అది ప్రతి వరుసలో వేళ్లతోనే చేసే పని, దాని కూలి ఎక్కువే ఉంటది. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేనేతకే కేటాయించిన 11 రకాలలో దర్రీ కూడా ఉన్నది. ఉత్త పేరుకే రేటు అనడం న్యాయం కాదు.

జోడుసూది:
అక్కా, బట్ట గురించి మీరన్నదాంట్ల వంక లేదు. కానీ గుర్తింపు వచ్చింది దర్రీకి, సంచికి కాదు. మంచి బట్టను పాడు కుట్టుతో కుడితే 1,800 సంచి ఆరు నెలలకే మూలకు పడుతది. ఎక్కడ చెడుతదో చెప్త.

ఒకటి, కోత. దర్రీ పట్టీలు పేక దిక్కుకు వస్తయి. నిలువు పట్టీలు సోకుగ కనపడుతయని చాలామంది బట్టను తిప్పి కోస్తరు. అప్పుడు సంచి బరువు పడుగు మీద కాక, మెలి తక్కువున్న పేక మీద పడుతది. కొన్నాళ్లకు అడుగు సాగి కిందికి జోలెలాగ వేలాడుతది. పట్టీలు అడ్డంగ ఉన్న సంచి చూడటానికి సాదాగ ఉన్నా, నిలబడేది అదే. నిలువు పట్టీలే కావాల్నంటే హ్యాండిల్ నివారును సంచి అడుగు నుంచి చుట్టు తిప్పి కుట్టాలె, బరువు నివారు మోస్తది.

ఇగ అంచులు. దర్రీని కత్తెరతో కోసినంక వదిలేస్తే పేక పోగు పోగే జారిపోతది. గీత గీసి, దానికి రెండు పక్కల మిషన్ కుట్టు వేసి, ఆ రెండు కుట్ల నడుమ కోయాలె. తర్వాత అంచు చుట్టు దారం అల్లే ఓవర్‌లాక్, దాని మీద అంచును కప్పే పైపింగ్ పట్టీ. కుట్టుకు లోపల ఒకటిన్నర సెంటీమీటరన్న వదలాలె. ముప్పావు సెంటీమీటరు వదిలి బట్ట మిగిలించుకుంటే, సంచి నింపిన రోజే పక్క కుట్టు నోరు తెరుస్తది.

మూలల దగ్గర దర్రీ నాలుగు పొరలు, మీద పైపింగ్. ఇంటి మిషన్ 16 నంబరు సూది అక్కడ విరుగుతది, లేకపోతే కుట్టు తప్పుతది. 21 నంబరు సూది, లావు పాలిస్టర్ దారం, నాలుగు మిల్లీమీటర్ల కుట్టు కావాలె. కింద బట్టను జరిపే పండ్లతోపాటు పైన అదిమిపట్టే పాదం కూడ నడిచే మిషన్ అయితేనే పొరలు సమంగ జరుగుతయి. మామూలు మిషన్ మీద పై పొర వెనకబడి, చివరికి రెండు అంచులు కలవవు. అప్పుడు గుంజి కుడతరు, సంచి ఓ పక్కకు తిరుగుతది.

హ్యాండిల్ సంగతి చూడండి. పై మడతలో దూర్చి ఒక్క కుట్టు వేస్తే అది ఊడేదే. ఏడెనిమిది సెంటీమీటర్లు కిందికి దింపి, నలుచదరంగ కుట్టి నడుమ ఇంటూ గుర్తు వేయాలె. వెనక ఒక తోలు ముక్కన్న, గట్టి నివారు ముక్కన్న ఉండాలె. కొనేటప్పుడు సంచి తిరగేసి చూపియ్యమనుండ్రి. తిరగెయ్యనియ్యకపోతే కొనకుండ్రి.

ఓరుగల్లు గాలి:
ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక మాట మిగిలే ఉంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు, 10 పక్క ఉన్న సంచికి కుట్టు మడతలతో కలిపి అర చదరపు మీటరుకు దగ్గరగా బట్ట పడుతుంది. చదరపు మీటరు కిలో తూగే దర్రీ అయితే ఖాళీ సంచే అర కిలో. ఆస్తరు (లోపలి గుడ్డ), జిప్పు, నివారు అదనం. ల్యాప్‌టాప్ పెట్టి హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా బస్సులో నిలబడి మోసే వాళ్లకు ఇదేం సుఖం? దర్రీ నేల కోసం పుట్టిన బట్ట. సంచికి గట్టి కాన్వాసు చాలు, అది కూడా మన దేశంలో నేసేదే. జిప్పు బయటి దేశానిదైతే, ఇక సంచి మీద "పూర్తిగా మనది" అని చీటీ ఎందుకు?

పన్నిపోగు:
బరువు మాట ఒప్పుకుంట. అందుకే సంచి కోసమని వేరుగ నేయించాలె: పేక నాలుగు పోగుల బదులు రెండు, పడుగు కొంచెం దగ్గరగ. బట్ట పలచబడుతది, మూలల దగ్గర జోడుసూది అన్నకు సూది విరగది. నేల దర్రీని కోసి సంచి చేసుడు ముడి సరుకు పాడు చేసుడే. జిప్పు ఎక్కడిదో దాచకుండ చెప్తే చాలు. జిప్పు బయటిదైనంత మాత్రాన నేత పరాయిదైతదా?

ఇంకోటి. రెండు వైపులా డిజైన్ ఒకే తీరుగ ఉంటే నేతలో వచ్చింది. ఒక్క వైపే ఉంటే అచ్చు. కలంకారీ అచ్చు దర్రీలు వరంగల్‌లోనే చేస్తరు, దొంగ సరుకేం కాదు, కానీ వాటికి ఇంటర్‌లాక్ రేటు చెప్తే ఇయ్యకుండ్రి.

రంగశాయిపేట:
రంగు సంగతి? తెల్ల చొక్కా మీద వేసుకుంటే?

జోడుసూది:
తెల్ల చేతిరుమాలు తడిపి, ముదురు రంగు మీద పదిసార్లు గట్టిగ రుద్దుండ్రి. ఎరుపు, నలుపు మొదలు దొరికిపోతయి. వ్యాట్ రంగు (నూలు లోపల గట్టిగ పట్టేది) అయితే అంటుడు చాలా తక్కువ, డైరెక్ట్ రంగు (తడికి తొందరగ వదిలేది) అయితే రుమాలే చెప్తది. మిషన్‌ల వేసి ఉతకొద్దు. దర్రీ ఒక తీరుగ కుంచించుకపోతది, ఆస్తరు ఇంకో తీరుగ, లోపల ముడతలు లేస్తయి. కుట్టేటోళ్లు రెండింటినీ కోయకముందే నానబెట్టి ఆరేస్తే ఈ బాధ ఉండది.

ఓరుగల్లు గాలి:
పలచగా నేసి, తిరగేసి చూపిస్తే 1,500 ఇస్తాను. స్టాళ్లలో ఇప్పుడున్న వాటికి మాత్రం ఇవ్వను.

రంగశాయిపేట:
జిప్పు ఖరాబైతే సంచి పోయినట్టేనా?

జోడుసూది:
కాదన్నా. పండ్లు బాగుంటే రన్నర్ ఒక్కటే మార్చొచ్చు. వెనక అంకె చూసుకోవాలె: 5 నంబరు కాయిల్ (నైలాన్ చుట్టల పండ్లున్న) జిప్పుకు 5 నంబరు కాయిల్ రన్నరే పడుతది, మెటల్‌ది ఎక్కదు. పండ్లే ఊడితే పైపింగ్ విప్పి జిప్పు మొత్తం మార్చాలె. అందుకే జిప్పును ఆస్తరుతో కలిపి ఒక్క కుట్టుల వేసినోని దగ్గర కొనొద్దు, విప్పితే ఆస్తరు కూడ ఊడొస్తది.